కోతల గంగన్న చెప్పిన దారిలో ఎడారికి

మా పక్క ప్రతి ఇంటికీ రెండు పేర్లుంటాయి. ఒకటి రేషను కార్డులో ఉండేది, రెండోది ఊరు పెట్టింది. గండికోట జలాశయంలో నీళ్లు నిలిపినప్పుడు మా ఊరు మునిగింది. ఇల్లు పోయింది, కళ్లం పోయింది, పశువుల కొట్టం పోయింది. కొండాపురం దగ్గర కాలనీలో స్థలాలిస్తే సామాన్లు ట్రాక్టరులో వేసుకొని వచ్చాం. ఊరు పెట్టిన పేరు మాత్రం మునగలేదు. మంచాల కంటే ముందే ట్రాక్టరెక్కి కూర్చుంది. మాది కోతలోళ్ల ఇల్లు.

ఆ పేరు మా ఆయన గంగన్న సంపాదించి పెట్టిన ఆస్తి. లారీ డ్రైవరు. జమ్మలమడుగు పక్క క్వారీల్లో నల్ల బండలు ఎత్తుకొని రాజస్థానం దాకా తోలేవాడు. మీ వంటింటి గట్టు మీద ఉంటుందే, అదే కడప బండ. తిరిగొచ్చి కాళ్లు కడుక్కోకముందే కథలు మొదలుపెట్టేవాడు. అన్నింట్లో నాలుగు కథలు ఊరంతటికీ నోటికి వచ్చు.

మొదటిది, ఒక బుల్లెట్ మోటారు సైకిలుకు గుడి కట్టి, దండలేసి, మందు పోస్తారని. రెండోది, ఇంకో గుడి నిండా ఎలుకలేనని, అవి ఎంగిలి చేసిన ప్రసాదాన్ని మనుషులు కళ్లకద్దుకొని తింటారని. మూడోది, ఎడారిలో నీళ్లకు తాళం వేస్తారని, ఆ నీళ్లు కొబ్బరి నీళ్ల కంటే తియ్యగా ఉంటాయని. నాలుగోది నాకు సంబంధించింది. జైసల్మేరు నుంచి వెనక్కి వచ్చే దారిలో, పోకరాను దాటినాక, మీసాలు చెవులకు చుట్టుకునే ఒక టీ అంగడి ఆయన ఉన్నాడట. ఆయనకు మా ఆయన ఒక కడప బండ ఇచ్చాడట, దాని మీద నా పేరు చెక్కి.

"ఎడారిలో జనం నీ పేరు మీద కూచోని టీ తాగుతాండార్మే" అనేవాడు.

"నా పేరు మీద కూచునేదానికి వాళ్లెవురు? లేసి తాగమని చెప్పు" అనేదాన్ని నేను.

నేనూ నమ్మలేదు. నమ్మింది ప్రపంచంలో ఒక్కతే, ఆయన చెల్లెలు ఓబుళమ్మ. పులివెందులకు ఇచ్చారు ఆమెను. మా అన్న నోట అబద్ధం రాదని, కావాలంటే వేడి నూనెలో చెయ్యి పెడతానని అంటుంది. ఆమె వడలు కాల్చేటప్పుడు నూనె చుక్క మీద పడితే వీధంతా వినబడేలా అరుస్తుంది, అది వేరే సంగతి.

పోయినేడు ఆయన తద్దినానికి అందరూ బంతిలో కూర్చున్నారు. కాలనీలో టీ అంగడి పెట్టుకున్న ఎంగటప్ప వడ కొరుకుతూ, "గంగన్న ఉంటే ఈ వడను రాజస్థానంలో ఒంటె కాల్చిందనేవాడు" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. ఓబుళమ్మ వడ్డించే గరిటె దించింది.

"మా అన్న తద్దినం బువ్వ తింటా మా అన్ననే ఎగతాళి చేస్తాండావా ఎంగటప్పా? తినింది అరగదు నీకు!"

"అరక్కపోతే సోడా తాగుతాలేమ్మా. నిజమైతే చూపీ. నాలుగు కథలూ చూపిస్తే, కోతలోళ్లు అనే మాట ఈ కాలనీలో ఎవురి నోట్లో నుంచీ రాకుండా నేను చూసుకుంటా."

"చూపీకపోతే?"

"చూపీకపోతే నిన్ను గూడా కోతల ఓబుళమ్మనే అంటాం. ఆస్తిలో ఆడబిడ్డకూ భాగముండాది గదా!"

అట్లా బయలుదేరింది మా యాత్ర.

ఒక మాట ముందే చెబుతున్నాను. నాకు రాత రాదు. పొదుపు సంఘంలో వేలిముద్ర వేస్తే చిన్నతనమని సంతకం ఒక్కటి నేర్చుకున్నాను. చె, న్న, మ్మ. అంతే. మిగిలిందంతా నేను చెబుతుంటే కాలనీ బడి టీచరమ్మ రాస్తోంది. నేను 'పోతిమి' అంటే ఆమె 'వెళ్లాం' అని రాస్తుంది. రాసుకోనీ, పోయింది నిజమే కదా.

ప్లాను: పులివెందుల, ప్రొద్దుటూరు

పెద్ద ప్రయాణాలకు జనం పుస్తకాలు చూస్తారు, ఫోన్లు చూస్తారు. మేం చచ్చిపోయిన మనిషి కోతల్ని వరుసలో పెట్టుకున్నాం. పులివెందులలో ఓబుళమ్మ ఇంటి వసారాలో కూర్చొని, ముందు బుల్లెట్టు, తర్వాత ఎలుకలు, తర్వాత నీళ్లు, చివర బండ అని బొరుగులతో, అదే మరమరాలతో, నేల మీద దారి పేర్చాం. ఓబుళమ్మ మొగుడు పడక కుర్చీలో నుంచి చూసి, "ఎలుకల్ని చూసేదానికి అంత దూరమెందుకు? మన చెనిక్కాయల మూటల వెనక చూడు" అన్నాడు. కాసేపటికి కోడి వచ్చి జైసల్మేరును తినేసింది.

ఎడారిలో ఎప్పుడు పోవాలి, ఏం తీసుకుపోవాలి? దానికి ప్రొద్దుటూరులో బంగారు అంగడి సేటును అడిగాం. వాళ్లది జోధ్‌పూరు పక్క. ఆయన మమ్మల్ని చూసి నవ్వాడు.

"నేను పుట్టింది ఈడే అవ్వా. పెండ్లికి ఒకసారి పోయింటి, చలికి దంతాలు కొట్టుకున్యాయి. కంబళ్లు బాగా పెట్టుకోండి."

బయటికి వచ్చాక ఓబుళమ్మ మూతి తిప్పింది. "ఎడారిలో చలంట! మా అన్ననేమో కోతలోడంటారు, ఈ సేటును ఎవురూ ఏమీ అనరు."

కాబట్టి కంబళ్లు పెట్టుకోలేదు. నీళ్లు పెట్టుకున్నాం. కరువు సీమలో పుట్టిన వాళ్లం, నీళ్ల విషయంలో ఎవరినీ నమ్మం. కాలనీ బోరు నీళ్లు పెద్ద క్యాన్లలో పట్టి కారు వెనక నింపాం. ఎండబెట్టిన జొన్న రొట్టెలు, నువ్వుల పొడి, ఎర్రకారం, చెనిక్కాయలు సందుల్లో కుక్కాం.

కారు ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. డ్రైవరు మస్తాను, నలభై దాటిన మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు కాబట్టి హిందీ వస్తుందని మా ధైర్యం. క్యాన్లు చూసి అడిగాడు: "అమ్మా, మనం పోతాండేది ఊర్లు చూసేదానికా, నీళ్లు అమ్మేదానికా?"

వాకిట్లో శకునం

బయలుదేరే రోజు పొద్దున్నే ఒక చిక్కు వచ్చింది. ప్రయాణానికి విధవరాలు ఎదురు రాకూడదు కదా. పక్కింటామె గొంతు తగ్గించి మస్తానుతో, "బండి కదిలేటప్పుడు చెన్నమ్మక్క ముందర నిలబడకుండా చూసుకో" అంది. నేను విన్నాను.

"నేను బండిలో ఉండాను గదమ్మే! నాకు నేనే ఎట్ల ఎదురొచ్చేది?" అన్నాను.

అందరూ ఆలోచనలో పడ్డారు. శాస్త్రంలో దీనికి జవాబు లేదు. చివరికి ఓబుళమ్మ కారు దిగి, నిండా కుంకుమ పెట్టుకొని, చెంబుతో నీళ్లు పట్టుకొని బండికి ఎదురుగా నడిచి వచ్చి, శకునం అయిపోయాక తలుపు తీసుకొని ఎక్కి కూర్చుంది. తర్వాత మోకాళ్లు పట్టుకొని, "ప్రతి ఊర్లో ఇట్ల దిగెక్కాల్నంటే నా చేత కాదు వదినా" అంది. దారిలో మళ్లీ ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు. ఆ తర్వాత జరిగిన మంచి చెడ్డలన్నీ నేను లోపల ఉండగానే జరిగాయి.

బుల్లెట్టు దేవుడు

మహారాష్ట్ర, గుజరాతు దాటిన సంగతి చెప్పను. రోడ్డు ఎక్కడైనా రోడ్డే. రాజస్థానంలో పాలీ దాటినాక రోడ్డు పక్కన లారీలు, కార్లు గుంపుగా ఆగి ఉన్నాయి. మస్తాను బండి ఆపి దిగి చూసి, పరుగున వెనక్కి వచ్చాడు.

"అమ్మా! మీ ఆయప్ప చెప్పింది నిజమే! బుల్లెట్టే! అద్దాల గదిలో నిలబెట్టినారు!"

ఓబుళమ్మకు మోకాళ్ల నొప్పులు అప్పుడు గుర్తులేవు. పోయి చూస్తే నిజంగానే మోటారు సైకిలు. బంతిపూల దండలు, అగరొత్తులు, ఎర్ర దారాలు. ఒక లారీ డ్రైవరు సీసా మూత తీసి కొంచెం పోసి దండం పెట్టాడు. ఆ వాసనకు నాకు మా ఆయన పక్కన నిలబడినట్టే అయింది.

మేం కూడా ఏదో ఒకటి పోయాలని ఓబుళమ్మ పట్టు. సీసా ఎవరు కొనాలి? మస్తాను చెవులు మూసుకున్నాడు. "నేను తాగనమ్మా, కొనను కూడా కొనను." సరే అని ఓబుళమ్మ కొంగు తల మీద నిండా కప్పుకొని అంగడికి పోయింది. అక్కడ ఆడవాళ్లందరూ ముసుగు వేసుకొనే ఉంటారు, ఈమెను ఎవరూ చూడలేదు. పులివెందులలో ఆ పని చేసి ఉంటే సాయంత్రానికి జిల్లా అంతా తెలిసేది. దేవుడికి సగం పోసి, మిగతా సగం పక్కన నిలబడ్డ లారీ డ్రైవరుకు ఇచ్చాను. లారీ వాళ్ల సంగతి నాకు తెలుసు.

మస్తాను కారులో కూర్చొని హారను మాత్రం గట్టిగా మూడుసార్లు కొట్టాడు. ఎందుకని అడిగితే, "డ్రైవర్లకు అందరికీ ఒకటే మొక్కమ్మా" అన్నాడు. ఫోనులో అంతా వీడియో పట్టాడు. ఓబుళమ్మ అందులోకి వంగి, "చూడు ఎంగటప్పా, ఒకటి!" అని వేలు చూపించింది.

జోధ్‌పూరులో మిరపకాయ, ఎలుకల గుడిలో పాలు

జోధ్‌పూరులో మిర్చీ వడ తిన్నాం. మన ఉగ్గాని పక్కన పెట్టే బజ్జీకి పెద్దన్న. లోపల ఆలుగడ్డ కూరి ఉంటుంది. ఒక్కటి ఇరవై రూపాయలు. ఆ డబ్బుకు ప్రొద్దుటూరులో నాలుగు బజ్జీలు, చట్నీ, మాటలు కూడా వస్తాయి. అంగడివాడు ఇది చాలా కారం, జాగ్రత్త అని సైగ చేశాడు. ఓబుళమ్మ సంచిలో నుంచి ఎర్రకారం తీసి దాని మీద చల్లుకొని తింది. అంగడివాడు పనివాళ్లను పిలిచి మరీ చూపించాడు.

బికనేరుకు ముందు ఆ ఎలుకల గుడి. మస్తాను బయట కచోరీలు తింటూ మా చెప్పులకు కాపలా ఉన్నాడు. లోపల అడుగు పెట్టేసరికి ఎటు చూసినా ఎలుకలే. పాల పళ్లెం చుట్టూ గుండ్రంగా, మన పెండ్లి బంతిలో మాదిరి. ఎలుక కాలి మీద ఎక్కితే అదృష్టమట. తొక్కకుండా కాళ్లు ఈడ్చుకుంటూ నడవాలట.

ఓబుళమ్మది రైతు ఇల్లు. ఏటా ఆమె విత్తనం చెనిక్కాయల్లో భాగం ఎలుకలదే. ఆమెకు ఎలుక కనబడితే చెయ్యి దానంతట అదే లేస్తుంది. లేచింది కూడా. "ఉష్" అని అరిచింది. గుడి గుడంతా ఆమె వైపు తిరిగింది.

"ఓబుళా, గమ్మునుండు! ఈడ అవి దేవుళ్లు!"

"దేవుళ్లయితే మా ఇంటికెందుకు వస్తాండారు వదినా, గుడిలో ఉండక!"

అంతలో ఒక ఎలుక తీరిగ్గా వచ్చి ఆమె పాదం మీద ఎక్కి కూర్చుంది. కదిలితే అపచారం, కదలకుంటే ప్రాణసంకటం. ఓబుళమ్మ కళ్లు మూసుకొని వేంకటేశ్వరుణ్ణి పిలిచింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమె కాళ్లకు దండం పెట్టారు. ఆ ముఖమొక్కటి వీడియోలో పడుంటే ఎంగటప్ప కథ అక్కడే తీరేది. ఫోను మస్తాను దగ్గర ఉంది, మస్తాను బయట ఉన్నాడు. అతన్ని పిలిచి మళ్లీ లోపలికి పోతే, ఈసారి ఏ ఎలుకా పట్టించుకోలేదు. గుంపును మాత్రం తీశాం. రెండు.

ఆ తెల్లవారుజామున సేటు మాట నిజమైంది. అంత చలి మా జన్మలో ఎరగం. సత్రంలో ఇచ్చిన దుప్పటి చాలక, క్యాన్ల మీద కప్పిన టార్పాలిను తెచ్చుకొని ఇద్దరమూ ఒకే మూటలో దూరాం. పొద్దున మస్తాను తలుపు కొట్టి చూసి, "చెనిక్కాయల మూట ఎవురిదమ్మా ఈడ?" అన్నాడు.

తాళం వేసిన నీళ్లు

జైసల్మేరులో పసుపు రాతి కోట చూశాం. ఇసుక దిబ్బలు కూడా చూశాం. మస్తాను వాటి ముందర నిలబడి చాలాసేపు ఆలోచించి, "ఇంత ఇసుక ఉండాది, ఒక్క లారీ కూడా రాలేదేంది?" అన్నాడు. పెన్న ఒడ్డున పెరిగిన వాళ్లకు వచ్చే అనుమానమే.

మాకు కావలసింది నీళ్లు. ఊరి బయట ఒక పల్లెలో సుగ్నీబాయి అనే ముసలామె ఇంట్లోకి రమ్మంది. ముంజేతుల నిండా తెల్ల గాజులు, మాట కరుకు. ఇంటి ముందర నేలను శుభ్రంగా చదును చేసి, మధ్యలో బావి మాదిరి గుండ్రంగా గచ్చు తొట్టి కట్టి ఉంది. దానికి ఇనుప మూత. మూతకు తాళం.

ఓబుళమ్మ నా చెయ్యి గిల్లింది. "తాళం వదినా! తాళం!"

ఆ సంతోషంలో ఆమె చేసిన పని చెబుతాను. మన పక్క ఎవరింటికి పోయినా ముందు కాళ్లు కడుక్కొని లోపలికి పోతాం. అది మర్యాద. సుగ్నీబాయి తాళం తీసి, బొక్కెనతో నీళ్లు తోడి, చెంబు నింపి గౌరవంగా ఓబుళమ్మ చేతికి ఇచ్చింది. ఓబుళమ్మ అంతే గౌరవంగా ఆ చెంబును కాళ్ల మీద కుమ్మరించుకుంది.

ముసలామె వేసిన కేకకు కట్టేసిన మేకలు లేచి నిలబడ్డాయి.

"ఏమంటాంది మస్తానూ?" అని అడిగాను.

"అంతా చెప్పలేనమ్మా. వాన నీళ్లంట. పోయినేటి వాన. ఏడాదంతా తాగాల్నంట. ఆ చదును మీదికి వాళ్లు చెప్పులు గూడా వేసుకోరంట. మిగతాది మీ వయసుకు నేను చెప్పగూడదు."

ఓబుళమ్మ ముఖం వాడిపోయింది. నాకు తోచింది ఒకటే. కారు వెనక తలుపు తీసి మా క్యాన్లన్నీ దించమన్నాను. పోగొట్టిన చెంబుకు క్యాన్లు. సుగ్నీబాయి ఒక గుక్క తాగి చూసింది. కాసేపు నోట్లో పెట్టుకుంది. తర్వాత పక్కకు ఉమ్మేసి మస్తానుతో ఏదో అంది. మస్తాను నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇంత ఉప్పు నీళ్లు తాగి ఎట్ల బతుకుతాండారు పాపం అంటాంది."

తర్వాత ఆమె రెండో చెంబు తోడి, ఈసారి నా చేతికిచ్చి, తాగేదాకా నా మణికట్టు వదల్లేదు. తాగాను. కొబ్బరి నీళ్లు కాదు. అంతకంటే తేలిక. ఏ రుచీ లేని తీపి అది. మా ఇల్లు ఊరంత నీళ్ల కింద ఉంది, అయినా ఇలాంటి గుక్క నేను మింగలేదు. చెంబులో చివరి చుక్క దాకా వంపుకున్నాను. ఓబుళమ్మ అది చూసి ఫోను వైపు తిరిగి, మూడు వేళ్లు మాత్రం చూపించింది.

మా క్యాన్ల నీళ్లు ఆ ఇంట్లో ఒక మూలన పెట్టారు, కాళ్లు కడుక్కునే చుట్టాలు వస్తే పనికొస్తాయని. మధ్యాహ్నం సుగ్నీబాయి, నేను పొయ్యి ముందర కూర్చొని సజ్జ రొట్టెలు తట్టాం. ఆమె రెండు అరచేతుల మధ్య గాలిలో తడుతుంది, నేను పీట మీద తట్టాను. నాది పలుచన అని నేను, ఆమెది గుండ్రమని ఆమె. తినేవాళ్లు రెండూ తిన్నారు. వాళ్ల వెల్లుల్లి కారం మాత్రం మన ఎర్రకారానికి తోడబుట్టిన చెల్లెలే.

పోకరాను దాటినాక

మిగిలింది నా బండ. చెప్పొద్దూ, ఆ పొద్దున నాకు టిఫిను దిగలేదు. మూడు కథలు నిజమైనాక నాలుగోది అబద్ధమైతే, అది నా ఒక్కదాని విషయంలోనే అబద్ధమవుతుంది కదా.

రోడ్డు నాలుగు వరసలు చేసి పాత అంగళ్లన్నీ వెనక్కి నెట్టేశారు. కనబడిన ప్రతి టీ అంగడి దగ్గరా ఆగాం, ఆగిన ప్రతి చోటా టీ తాగాం. మట్టి ముంతలో పోసిస్తారు, తాగి పగలగొట్టాలి. ఓబుళమ్మకు పగలగొట్టాలంటే మనసొప్పదు. ప్రతిదాన్నీ కడిగి సంచిలో పెట్టుకుంది. అలా సంచి బరువెక్కుతూ, నా మనసు దిగుతూ పోయింది.

చివరికి ఒక అంగట్లో గోడ మీద ఫోటో కనబడింది. దండ వేసి ఉంది. అందులో పెద్దాయన మీసాలు రెండూ చెవుల చుట్టూ తిరిగి ఉన్నాయి.

"వదినా!" అంది ఓబుళమ్మ.

అంగడి ఇప్పుడు ఆయన కొడుకుది. పేరు భవానీ, నున్నగా గీసుకున్న ముఖం. మస్తాను కథంతా చెప్పాడు. భవానీ బయటికి తీసుకుపోయి చూపించాడు. ఇటుకలతో కట్టిన అరుగు, దాని మీద నల్లటి బండ. నేను చెంబు నీళ్లు పోసి కొంగుతో తుడిచాను. మన బండే. తడిస్తే కాటుక లాగా నిగనిగలాడింది. ఒక మద్రాసు డ్రైవరు ఇచ్చిందని వాళ్ల నాన్న చెప్పేవాడట. మనమంతా వాళ్లకు మద్రాసే.

బండ మీద పేరు లేదు. ఈ చివర నుంచి ఆ చివరికి వేళ్లతో తడిమాను. ఏమీ లేదు.

భవానీ తల గోక్కున్నాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అంగడి జరిపారట. మేస్త్రీ నున్నటి వైపు పైకి పెట్టి, అడుగు వైపు సిమెంటులో పరిచేశాడట. అడుగున గీతలున్నాయో లేవో తనకు గుర్తు లేదట. వెంటనే గడ్డపార తెచ్చి నిలబడ్డాడు.

"చెబితే ఇప్పుడే పీకి తిప్పుతానంటాండాడు" అన్నాడు మస్తాను.

నేను ఓబుళమ్మ వైపు చూశాను. అన్న నోట అబద్ధం రాదని వేడి నూనెలో చెయ్యి పెట్టే మనిషి. ఆమె గడ్డపారకు అడ్డంగా నిలబడింది.

"పీకొద్దప్పా!"

"ఏందిమే? నువ్వే గదా నిజమన్యావు."

"నిజమే వదినా. పీకితే లేకపోతే?"

"ఉంటే?"

"లేకపోతే?"

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. గంగన్న కూడా ఇదే దారిలో, ఇలాగే హారను కొట్టుకుంటూ పోయి ఉంటాడు. ముప్పై ఏళ్లు ఆయన్ను కోతలోడని పిలిచిందాన్ని నేనే. మిగతా ఊరంతా నా దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు కూడా తీర్పు నా చేతికే వచ్చిందే అనుకున్నాను.

"మస్తానూ, బండిలో మొలో మేకో ఏమన్నా ఉండాదా?"

"స్క్రూ డ్రైవరు ఉందమ్మా. ఎందుకు?"

"తీసుకరా."

మస్తానుకు అర్థమైంది. "నేను రాస్తా ఇయ్యండి, నాకు తెలుగు బాగా వచ్చు" అన్నాడు.

"నువ్వు రాస్తే అది నీ పేరులా ఉంటాది. నాకు వచ్చిందే మూడక్షరాలు. అవి ఎందుకు నేర్చుకున్యానో ఇప్పుడు తెలిసింది."

బండ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. గీత పడితే తెల్లగా లేస్తుంది మన బండ. చె రాశాను. న్న రాశాను. మ్మ దగ్గర చెయ్యి జారి తోక రోడ్డు వైపు పోయింది. ఓబుళమ్మ పక్కన కూర్చొని పొడి ఊదుతూ, "లోతుగా, లోతుగా" అని మేస్త్రీలా చెబుతూనే ఉంది. భవానీ అంగట్లోకి పోయి నిజమైన ఉలి, సుత్తి తెచ్చి నా గీతల మీదే గాడి తీసిచ్చాడు. నేను ఆపమన్నా ఆపలేదు. తర్వాత తండ్రి ఫోటో వైపు చూసి ఏదో అన్నాడు. మా నాన్న ఉంటే మీసం విప్పి మళ్లీ చుట్టేవాడని మస్తాను చెప్పాడు. టీ డబ్బులు తీసుకోలేదు.

అప్పుడు తీశాం వీడియో. ఓబుళమ్మ నాలుగు వేళ్లు చూపించింది. నాలుగో వేలు మాత్రం కొంచెం ఆలస్యంగా లేచింది.

కాలనీలో తీర్పు

తిరిగొచ్చిన సాయంత్రం ఎంగటప్ప టీ అంగడి ముందర జనం. మస్తాను ఫోను అందరికీ కనబడేలా పెట్టాడు. బుల్లెట్టు చూశారు. "సినిమా సెట్టింగు మాదిరి ఉండాది" అన్నాడు ఎంగటప్ప. ఎలుకల్ని చూశారు. "ఈ కాలంలో ఫోన్లలో ఏమన్నా చేస్తాండారు. మా మనవడు నా నెత్తికి కొమ్ములు పెట్టినాడు" అన్నాడు ఇంకొకాయన. నీళ్లు చూశారు. "ఎడారిలో తియ్య నీళ్లు, మన కాడ ఉప్పు నీళ్లు! చెప్పేదానికన్నా అర్థముండల్ల" అన్నాడు మూడో ఆయన. నిజాలు మూడూ అక్కడే పోయాయి. ఓబుళమ్మ గొంతు చించుకున్నా ఎవరూ వినలేదు. చెంబు కాళ్ల మీద పోసుకున్న సంగతి చెబితే మాత్రం నమ్మారు.

అప్పుడు బండ వచ్చింది. నల్ల బండ, తెల్ల అక్షరాలు.

ఎంగటప్ప కళ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని దగ్గరికి వచ్చాడు. కూడబలుక్కొని చదివాడు.

"చెన్నమ్మ." జనం వైపు తిరిగాడు. "ఆ దేశంలో తెలుగు ఎవురు రాస్తారప్పా? ఇది మన గంగన్నే. నాలుగింట్లో ఒకటి నిజం చెప్పినోడు మన కాలనీలో ఇంకెవుడుండాడు?"

ఓబుళమ్మ నా కొంగు పట్టుకొని నేల చూసింది. నేను ఆకాశం చూశాను. మస్తానుకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

నాలుగు అడిగి ఒకటే నమ్మినా, ఎంగటప్ప మాట మీద నిలబడ్డాడు. కోతలోళ్లు అనే మాట ఇప్పుడు కాలనీలో లేదు. కొత్త పేరు పెట్టారు మా ఇంటికి. పేరు చెక్కినోళ్ల ఇల్లు. ఈసారి పెట్టిన పేరులో అబద్ధం ఏమీ లేదు, కాబట్టి నేను కూడా కాదనలేదు.

ఇది రాసిన టీచరమ్మకు ప్రొద్దుటూరుకు బదిలీ అయింది, రేపో మాపో పోతుంది. మా కాలనీలో పుస్తకాలు చదివేవాళ్లు ఎవరూ లేరు. అందుకే దాచకుండా చెబుతున్నాను. మీరెప్పుడైనా జైసల్మేరు నుంచి వెనక్కి వస్తుంటే, పోకరాను దాటినాక మీసాల ఫోటో ఉన్న అంగడి దగ్గర ఆగండి. కంబళి తీసుకుపోండి, చెంబు నీళ్లిస్తే తాగండి. నా పేరు మీదే కూర్చొని టీ తాగండి, నాకేమీ కోపం లేదు. బండ ఎత్తి మాత్రం చూడొద్దు.